బెల్లం దుకాణంలో చీమల సాక్ష్యం

నా ఉద్యోగం మూత్రం మరిగించడం. కాగితం మీద దీన్ని ల్యాబ్ టెక్నీషియన్ అని రాస్తారు. సర్కారు దవాఖానలో ఒక కిటికీ, కిటికీ వెనక బల్ల, బల్ల మీద స్పిరిట్ దీపం, దీపం వెనక నేను. ఇప్పటిదాకా నేను మరిగించినదంతా ఒక్కచోట పోస్తే ఘనపూర్ చెరువు నిండి మత్తడి దూకుతుంది. అందులో ఒకే ఒక్క గ్లాసెడు మూత్రం కోసం నేను పదకొండేళ్లు ఎదురుచూశాను. అది మా బావది.

బావ అంటే మా అక్క భర్త. మహబూబాబాదులో బెల్లం టోకు వ్యాపారి. మేమంతా ఆ ఊరిని మానుకోట అనే అంటాం. ఆయన దుకాణంలోకి బండి బెల్లం దిగితే ప్రతి ముద్దనూ గోటితో గిల్లి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, అది ఏ ఊరి చెరుకో, ఏ నెలలో నరికిందో, పాకం కలిపినవాడు ఆ రోజు పెళ్లాంతో కొట్లాడాడో లేదో కూడా చెప్పేవాడు. ఆ లెక్కన ఆయన రోజుకు తినే బెల్లం పెళ్లి పందిట్లో పాయసానికి చాలేది. దుకాణంలో త్రాసు కన్నా ఆయన నాలుక మీదే రైతులకు నమ్మకం ఎక్కువ.

అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డప్పుడు నేను జనగామలో చదువుకుంటున్నాను. రైలు పట్టాల మీద కూర్చున్న వీరుల్లో నేనూ ఉన్నాను. నిజం చెప్పాలంటే కూర్చున్నవాళ్ల వెనక నిలబడ్డవాళ్ల వెనక ఉన్నాను. అక్కడ కూడా మా బాపు కళ్లు నన్ను పట్టుకున్నాయి. మర్నాడే చొక్కా పట్టుకుని మానుకోట బండి ఎక్కించి అక్క ఇంటికి తోలేశాడు. ఏడాది పోయింది. ఆ ఏడాదంతా బెల్లం దుకాణంలో కూర్చుని ఈగలు తోలాను. డాక్టరు చదువుదామనుకున్నవాణ్ని, ఆ పోయిన ఏడాదితో పాటు ఆ ఆశా పోయి, చివరికి ల్యాబు శిక్షణలో తేలాను.

కొలువు వచ్చిందని మిఠాయి పట్టుకుని అక్క ఇంటికి పోయిన రోజే బావ నా మీద మొదటి రాయి విసిరాడు. దుకాణం నిండా రైతులు, దళారులు ఉన్నారు.

"డాక్టరైతడు, డాక్టరైతడు అని మా మామ ఊరంత టాంటాం చేసిండు. ఏమైండో ఎర్కేనా? మంది ఉచ్చ కాగవెట్టెటోడైండు!"

దుకాణం కూలిపోయేంత నవ్వు. మూలనున్న త్రాసు కూడా ఆ నవ్వుకు ఒక పక్కకు ఒరిగిందని నా అనుమానం. నేను తెచ్చిన మిఠాయిని ఆయన రెండు వేళ్లతో పట్టుకుని వాసన చూశాడు.

"చేతులు కడుక్కున్నవా బామ్మర్దీ?"

అంతటితో ఊరుకున్నా నేను క్షమించేవాణ్నేమో. ఊరుకోలేదు. అక్క నాకు నీళ్లిచ్చిన స్టీలు గ్లాసును నేను తాగగానే తీసుకుని, దాని అంచు కింద మేకుతో ఒక గీత గీశాడు.

"గిది మా బామ్మర్ది గ్లాసు. గిండ్లనే తాగాలె. వేరే గ్లాసులల్ల కలపకున్రి."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా నీళ్లు, నా చాయి, నా మజ్జిగ అన్నీ ఆ గీత గ్లాసులోనే. అది గూట్లో ఒంటరిగా, వెలివేసినట్టు బోర్లించి ఉండేది. నా పెళ్లిలో కూడా, విస్తళ్ల ముందు రెండు వైపుల చుట్టాలూ వరసగా కూర్చున్నప్పుడు, మా మామగారు "అల్లుడు దవాఖానల ఏం పని చేస్తడు?" అని మర్యాదగా అడిగారు. నేను నోరు తెరిచేలోపే బావ పంక్తి చివరి నుంచి కేకేశాడు.

"పప్పు పోసుకున్నంక చెప్త తియ్యి మామా! ఇప్పుడు చెప్తే మీకు బువ్వ దిగది!"

ఆ పంక్తిలో నూటయాభై మంది ఉన్నారు. నాకు పదిహేను వందల మంది అనిపించారు. తలంబ్రాలు ఇంకా జుట్టులోనే ఉండగా నేను మనసులో ఒట్టు పెట్టుకున్నాను. బావా, నీది కూడా ఒకరోజు నా దీపం మీదికి వస్తుంది. ఆ రోజు మరిగించేది నేను కాదు.

దేవుడు ఆలస్యంగా విన్నాడు గానీ, విన్నాడు.

ఎనభైల్లోకి వచ్చాం. ఒక దసరాకు మానుకోట పోయేసరికి బావ దుకాణంలో గద్దె పక్కన కొత్త మట్టికుండ కనిపించింది. నేను కూర్చున్న గంటలో ఆయన దాన్ని ఖాళీ చేశాడు. మళ్లీ నింపితే మళ్లీ ఖాళీ. ఆయన గుటకల చప్పుడుకు వీధిలో పోయే ఎడ్లు ఆగి, తమ కుడితి ఎవరో తాగేస్తున్నారేమోనని తలలు తిప్పి చూశాయి. కుండ ఎత్తినప్పుడల్లా ఒక మాట, దించినప్పుడల్లా ఇంకో మాట.

"పాడు దూప! నాలుక పీకుతాంది."

"జర గద్దె చూస్కో బామ్మర్దీ, ఒంటికి పోయొస్త."

ఒక్క బేరం తెగేలోపు నాలుగుసార్లు వెనక గోడ దాకా పోయి వచ్చాడు. చొక్కా ఆయన మీద లేదు, ఆయనే చొక్కాలో ఎక్కడో ఉన్నాడు. ఏడాది కింద బొత్తాలు తెంచిన పొట్ట ఎటు పోయిందో తెలియదు.

నాకు తెలిసిపోయింది. నా కిటికీ ముందు ఇలాంటివాళ్లు ఎంతమంది నిలబడ్డారు! దూప, ఒంటికి, ఒళ్లు చిక్కిపోవడం. చక్కెర వ్యాధి. పరీక్ష చేయకుండా గట్టిగా చెప్పకూడదు గానీ, చేస్తే ఏం తేలుతుందో నా దీపానికి కూడా తెలుసు.

చెప్పలేదు. ఇక్కడ అబద్ధమాడి లాభం లేదు. చెప్పొచ్చు, చెప్పలేదు. ఆయనే రావాలి, నా కిటికీ ముందు వరసలో నిలబడాలి, సీసా చేతిలో పట్టుకుని "బామ్మర్దీ, జర చూడు" అనాలి. ఆ మాట వినడానికి నా చెవులు పదేళ్లుగా తెరుచుకుని ఉన్నాయి.

మానుకోటలో అందరూ దాన్ని 'వేడి' అన్నారు. మనవాళ్లకు తల నొచ్చినా, కన్ను ఎర్రబడినా, కొడుకు మాట వినకపోయినా వేడే. వేడికి వైద్యం చల్లదనం కాబట్టి ఊరు ఊరంతా మా బావను చల్లబరచడానికి పూనుకుంది. పొద్దున చెరుకురసం, మధ్యాహ్నం పటికబెల్లం వేసిన సబ్జా నీళ్లు, సాయంత్రం తన దుకాణం బెల్లంతోనే చేసిన పానకం. తాగినకొద్దీ దూప పెరిగింది. దూప పెరిగినకొద్దీ తాగాడు. నేను గీత గ్లాసులో నా చాయి తాగుతూ ఈ వైద్యమంతా చూశాను.

అక్క మాత్రం ఒకరోజు వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"తమ్మీ, మీ బావ ఒంటికి పోయినకాడ చీమలు పడుతున్నయ్ రా. గదేందో చక్కెర ఉంటదంటరు గద?"

నేను ఉలిక్కిపడ్డాను. నా రహస్యం ఇంకెవరి చేతిలోకో పోతున్నట్టు అనిపించింది. ఈలోపు గుమ్మం దగ్గర బావ ఆ మాట విననే విన్నాడు.

"పిచ్చిదానా, బెల్లం దుకాణంల చీమలు గాకుంటే ఏనుగులు తిరుగుతయా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ దుకాణంలో చీమలు లేని చోటే లేదు. గద్దె మీద, దేవుడి పటం మీద, బావ చెవి మీద కూడా ఉండేవి. ఇంకే ఇంట్లోనైనా పిల్లలు కూడా పట్టేసే గుర్తును ఆ ఇంట్లో ఎవ్వరూ నమ్మలేదు. చీమలు పదే పదే సాక్ష్యం చెప్పాయి. సాక్షులు మరీ ఎక్కువైపోవడం వల్లే కేసు కొట్టేశారు.

అక్క మాత్రం వదల్లేదు. అన్నం మానేసింది. మూడో రోజుకు బావ దిగివచ్చి, "సరే, పంపుత, కాగవెట్టుకొమ్మను" అన్నాడట. నేనప్పుడు జనగామ దవాఖానలో ఉన్నాను. తానే రాలేదు. దుకాణానికి వచ్చే బేరగాడి చేతికి సీసా ఇచ్చి పొద్దటి బండికి పంపాడు. అయినా సరే, నేను తల స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను.

పరీక్ష చిన్నదే. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి దీపం మీద మరిగించాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, నారింజ. బాగా ముదిరితే ఇటుక రంగు. నేను ఇటుక రంగు కోసం దేవుళ్లందరికీ మొక్కాను. గొట్టం మరిగింది. నీలం. ఇంకాస్త మరిగించాను. నీలం. పొంగిపోయి నా ఇస్త్రీ చొక్కా మీద పడేదాకా మరిగించాను. నెమలి మెడలాంటి నీలం.

ఏడుపొక్కటే తక్కువ. చీటీ మీద 'చక్కెర లేదు' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి పంపించాను.

ఆయన ఆ చీటీని ఏం చేశాడో తెలుసా? దుకాణంలో లక్ష్మీదేవి పటం కింద మేకు కొట్టి తగిలించాడు. వచ్చిన ప్రతి రైతుకూ చూపించాడు.

"చూడున్రి! పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి బెల్లమే తింటాన. చక్కెర బీమారి నాకేడిది? గిగో, సర్కారు ముద్ర. మా బామ్మర్ది సంతకం. అంత కాగవెట్టినా ఏం దొరకలే పాపం!"

నా సంతకం కిందనే ఆయన పానకం తాగేవాడు. నా సంతకాన్ని సాక్షిగా పెట్టుకుని నన్నే నవ్వులపాలు చేశాడు. ఇంకో ఏడాది అలాగే గడిచింది. నన్ను ఘనపూర్‌కు బదిలీ చేశారు. బావ కుండ పక్కన రెండో కుండ చేరిందని, కొత్త చెప్పు కరిచి కాలి బొటనవేలికి పుండు పడిందని, ఎంతకూ మానడం లేదని అక్క ఉత్తరం రాసింది. దాన్ని చదివి నేను మడిచి పెట్టేశాను. నీలం వచ్చింది కదా, నాకేం పని?

ఆ ఏడే నాకు రెండో కూతురు పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేయాలంటే మేనత్త ఉండాలి, బిడ్డ చెవిలో పేరు చెప్పేది ఆమే కాబట్టి. మేనత్తను పుట్టింటివాళ్లే పోయి తోలుకురావాలి. అందుకని నేనే కిరాయి జీపు మాట్లాడుకుని మానుకోట పోయాను. గూడూరు మీదుగా, గంగారం అడవిలోంచి ఘనపూర్ దారి. ఎక్కేముందు బావ అక్కను గట్టిగా హెచ్చరించాడు.

"నీళ్ల కూజ పట్టుకో. మా బామ్మర్ది గ్లాసు గూడ మర్వకు. మల్ల కూజకాడ నోరు పెడ్తడు."

అలా గీత గ్లాసు కూడా నాతో పాటు జీపెక్కింది.

గంగారం రాకముందే కూజా అయిపోయింది. దారిలో కనిపించిన ప్రతి బావి దగ్గరా ఆగాం. మా బావ తాగిన నీటికి ఆ ఏడు గోదావరి ఒక అడుగు దిగిందని మహదేవపూర్‌వాళ్లు చెప్పుకున్నారని తర్వాత నేనే ప్రచారం చేశాను. తాగడానికి ఒకసారి, విడవడానికి ఒకసారి జీపు ఆగింది. తొమ్మిదోసారి ఆగేసరికి డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"సేటూ, గిట్లయితే పిల్ల పెండ్లినాటికి జేరుతం!"

బావ టేకు చెట్టు వెనక్కి పోయి వచ్చి, బండరాయి మీద కూర్చుని బీడీ ముట్టించాడు. నేను కాళ్లు సాగదీసుకుందామని అటు నడిచాను. టేకు మొదలు దగ్గర తడి ఇంకా ఆరనేలేదు. గండుచీమలు అప్పుడే బారు కట్టాయి. ఒక బారు కాదు, నాలుగు దిక్కుల నుంచి నాలుగు బార్లు, పెళ్లికి పిలిచినట్టు.

ఒంగి ఇంకోసారి లెక్కపెట్టాను. నాలుగే.

"బావా," అన్నాను, "గీ అడవిల బెల్లం దుకాణం ఎవలు వెట్టిన్రు?"

"ఏందిరా?"

"ఇటు రా. చుట్టాలొచ్చిన్రు."

ఆయన వచ్చి చూసి, "అడవిల చీమలుండయా?" అన్నాడు. ఆ వాదనకు నా దగ్గర శాస్త్రీయమైన జవాబు సిద్ధంగా ఉంది. నాలుగడుగుల అవతల, అదే నేల మీద, అదే ఎండలో నా వాటా నేను సమర్పించాను. డ్రైవర్ని న్యాయమూర్తిగా పిలిచాను. బావ బీడీ అయిపోయింది, డ్రైవరు తన బీడీ కూడా తాగేశాడు. నా దగ్గరికి ఒక్క చీమ రాలేదు. దారి తప్పి వచ్చిన ఒకటి కూడా వాసన చూసి, వెనక్కి తిరిగి, బావ వైపు పరుగెత్తింది.

"సేటు గెలిచిండు," అన్నాడు డ్రైవరు.

నేను పగలబడి నవ్వాను. పదకొండేళ్ల నవ్వు ఒకేసారి బయటికి వచ్చింది. ఆ నవ్వులో నేను ఉండగానే అక్క జీపు దిగి వచ్చింది. ఆమె చెట్టు వైపు చూడలేదు, బావ కాలి వైపు చూసింది. గుడ్డ కట్టిన బొటనవేలి మీద కూడా గండుచీమలు ఎక్కి ఉన్నాయి. గుడ్డ సందులోంచి లోపలికి పోతున్నాయి, బయటికి వస్తున్నాయి. బావ వాటి మధ్యే నిలబడి నాతో వాదిస్తున్నాడు.

"గండుచీమలు కుడుతున్నయ్, తెలుస్తలేదా నీకు?" అంది అక్క.

బావ తల దించి చూశాడు. "లేదే," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "ఏం తెలుస్తలేదు."

అక్క అక్కడే నేల మీద కూలబడి, కొంగుతో ఆ చీమల్ని దులుపుతూ అసలు మాట చెప్పేసింది.

"తమ్మీ, నువ్వు కాగవెట్టింది మీ బావది కాదురా. గోదాంల హమాలీది. సీసల వాన్ది పట్టి పంపిండు. నాకు తర్వాత తెలిసింది, చెప్తే నా మీద ఒట్టే అన్నడు."

"బెల్లం సేటుకు చక్కెర బీమారంటే నా బెల్లం ఎవడు కొంటడు?" అన్నాడు బావ, కాలి వైపే చూస్తూ. "ఈ బెల్లమే తిని గిట్లయిండంటరు గద."

అంటే నేను సంతకం పెట్టింది ఒక హమాలీ ఆరోగ్యానికి. ఆ హమాలీ నిక్షేపంలాంటి మనిషి, నా చీటీలో అబద్ధమేమీ లేదు. కోపంతో నాకు చెవులు కాలిపోయాయి. ఆ కోపం జీపును ఘనపూర్ దాకా ఇంకెక్కడా ఆపనివ్వలేదు. ఒక్కచోట తప్ప. అది ఆయనకు తప్పలేదు.

ఇంటికి పోనివ్వలేదు, నేరుగా దవాఖానకే. డాక్టరుసాబ్ కట్టు విప్పి వేలు చూసి, ముఖం గంభీరంగా పెట్టి, "ముందు మూత్రం చూడు, తొందరగా," అన్నారు. నేను గూట్లోంచి సీసా తీయబోయి ఆగాను. జీపు దగ్గరికి పోయి అక్క సంచిలోంచి గీత గ్లాసు తెచ్చి బావ చేతిలో పెట్టాను.

"గిండ్ల పట్టు."

"గిది... తాగే గ్లాసు గదరా."

"మీ ఇంటోళ్లెవలూ తాగేది కాదు బావా. గిది మంది గ్లాసులల్ల కలవని గ్లాసు. ఈ జిల్లాల ఇంత సాఫు గ్లాసు ఇంకోటి లేదు. తలుపు తెరిచే ఉంచు, నేను ఈడనే నిలబడ్త. మల్ల హమాలీని పిలుస్తవేమో."

ఆయన పట్టాడు. నేను దీపం వెలిగించి, గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు వేసి, పట్టుకారుతో సహా ఆయన చేతికే ఇచ్చాను.

"నేనెందుకు?"

"కాగవెట్టు బావా. నేను చేతులు కడుక్కోలే."

బెల్లం సేటు నా స్టూలు మీద కూర్చుని, తన మూత్రం తానే మరిగించాడు. నేను చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాను. నీలం కలత చెందింది. ఆకుపచ్చ అయింది. ఆయన నా వైపు చూశాడు. నేను మంట వైపు చూపించాను. పసుపు. నారింజ. ఆ తర్వాత అడుగు నుంచి చిక్కగా, బరువుగా ఇటుక రంగు లేచింది. బావ గొట్టాన్ని వెలుగు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, పాకం చూసినట్టు చూశాడు. జీవితమంతా రంగు చూసి సరుకు చెప్పిన మనిషి, ఆ అలవాటు ఎటు పోతుంది?

"ముదురు పాకం గదరా," అన్నాడు నెమ్మదిగా. "చూసుకోలే. మాడిపోయింది."

నేను అనాలని పదకొండేళ్లుగా కూర్చుకున్న మాటలు బోలెడున్నాయి. వాటన్నిటికీ బదులు చీటీ మీద ఫలితం రాసి, సంతకం పెట్టి, ముద్ర మాత్రం బల్ల అదిరేలా కొట్టాను.

ఇంజెక్షన్లు మొదలుపెట్టి, మర్నాడు తొట్టెల కాగానే వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. పాదం దక్కింది. బొటనవేలు దక్కలేదు. దసరా నాడే నేను నోరు తెరిచి ఉంటే దక్కేది. హమాలీ సీసా ఆయన పాపమైతే, ఆ దసరా నాది. ఆ వేలు చెరిసగం పంచుకున్నాం. ఈ మాట నేను ఆయనతో అనలేదు, అనే ఉద్దేశమూ లేదు.

అయితే పగ పూర్తి కాకుండా వదిలే రకం కాదు నేను. ఆయన ఇంకా వరంగల్ మంచం మీద ఉండగానే మానుకోట పోయి, లక్ష్మీదేవి పటం కింది హమాలీ చీటీ పీకేసి, అదే మేకుకు కొత్త చీటీ తగిలించాను. బేరం పడిపోతుందని ఆయన భయపడ్డాడు కదా, తిరగబడింది. పెద్ద బజారు సేట్లు ఒక్కొక్కరే వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడగడం మొదలుపెట్టారు. వాళ్ల ఇళ్లలోనూ కుండలు ఖాళీ అవుతున్నాయట. వాళ్లూ వేడి అనుకున్నారట.

ఇప్పుడు బావ బెల్లం రుచి చూడడు. నేను పోయినప్పుడల్లా కొత్త ముద్ద గిల్లి, ఆయన ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని నములుతాను. "ఎట్లుంది?" అని ఆశగా అడుగుతాడు. చెప్పను. ఇంటి వెనక గోడ దగ్గర ఆయనకో బల్ల, బల్ల మీద స్పిరిట్ దీపం, నీలం మందు సీసా, గాజు గొట్టం ఉన్నాయి. రోజూ పొద్దున పూజకు ముందు తనదే తాను చూసుకుని, రంగు పలక మీద రాసుకుంటాడు. పట్టేది గీత గ్లాసులోనే. అక్క నాకు కొత్త గ్లాసు కొన్నది, దాని మీద ఏ గీతా లేదు.

మొన్న మా చిన్నమ్మాయి అక్షరాభ్యాసానికి కొత్త చుట్టమొకాయన పంక్తిలో కూర్చుని, అవతలి చివరనున్న బావను చూపించి, "ఆ పెద్దమనిషి ఏం చేస్తడు?" అని నన్ను అడిగాడు. బావ విన్నాడు. విస్తరి మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. నేను గొంతు సవరించుకుని, నూటయాభై మందికీ వినబడేలా చెప్పాను.

"పప్పు పోసుకున్నంక చెప్త తియ్యి!"